కత్తెరాయన దాచిన తుక్కు

రేడియో స్టేషన్లో ఆయన్ని అందరూ కత్తెరాయన అనేవాళ్ళు. నిజానికి ఆయన చేతిలో కత్తెర ఎవరూ చూడలేదు. టేపుల కాలంలో బ్లేడు పట్టుకునేవాడు, తర్వాత మౌసు పట్టుకున్నాడు. కానీ పేరనేది బంకలాంటిది, ఒకసారి అంటుకుంటే పనిముట్టు మారినా అది ఊడదు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన అసలు పేరడిగితే పాతవాళ్ళు కాసేపు బుర్ర గోక్కుని, "కత్తెరాయనే కదా" అనేవాళ్ళు.

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఒక కార్యక్రమం వచ్చేది. పాతికేళ్ళు నిండకుండానే ఏదో ఒకటి సాధించినవాళ్ళని పిలిచి యాంకరమ్మ మాట్లాడిస్తుంది. ఈతగాళ్ళు, చదరంగం ఆడేవాళ్ళు, మీసాలు రాకముందే కంపెనీ పెట్టినవాళ్ళు, లెక్కల్లో పతకాలు తెచ్చుకున్నవాళ్ళు. ఏమిటి నీ ఆశయం, ఎందుకింత పట్టుదల, పొద్దున్నే నిన్ను లేపేదేమిటి, ఇవీ ప్రశ్నలు. మాట్లాడేది గంటసేపు. దాన్ని ఇరవై ఎనిమిది నిమిషాలకి దించడం కత్తెరాయన వంతు. పదకొండేళ్ళుగా అదే పని. ఐదువందల మందికి పైగా పిల్లల పట్టుదల ఆయన చెవుల్లోంచి దూరి బయటికెళ్ళింది.

"అంతమంది గొప్పవాళ్ళ మాటలు విన్నారు, మీకేమైనా అంటుకుందా?" అని భార్య అడిగేది. ఆవిడ ల్యాబులో రక్తం తీస్తుంది. సూది గుచ్చేముందు మనిషిని నవ్వించడం అలవాటు కాబట్టి ఇంట్లో కూడా ఆ ధోరణే.

"గరిటెకి కూర రుచి తెలుస్తుందా?" అనేవాడు ఆయన.

పనిలో మాత్రం ఆయనకి ఆయనే సాటి. "మనిషి మాటల్లో వందకి నలభై పాళ్ళు గాలే" అనేవాడు. ఆ గాలిని తీసేసేవాడు. "అంటే", "మరి", "ఏంటంటేనండీ" అన్నీ ఎగిరిపోయేవి. దగ్గులు, గుటకలు, కుర్చీ కిర్రుమనడాలు ఎగిరిపోయేవి. అన్నిటికంటే ముందు, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఉండే ఖాళీ ఎగిరిపోయేది. ఎంత నసిగే పిల్లాడైనా ఆయన చేతిలో పడి లేచాడంటే, యాంకరమ్మ నోరు మూసేలోపే ఠంచనుగా జవాబిచ్చేవాడు. ఎక్కడ కోశాడో ఎక్కడ అతికాడో మాట్లాడినవాళ్ళకే తెలిసేది కాదు. "నేను ఇంత బాగా మాట్లాడానా?" అని వాళ్ళే ఫోన్ చేసి ఆశ్చర్యపోయేవాళ్ళు.

ఖాళీలు తీసెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. స్టేషన్లో ఒక కాపలా మెషీను ఉండేది. ప్రసారంలో ఆరు సెకన్లు చప్పుడు లేకపోతే, స్టేషన్ చచ్చిపోయిందని అది అనుకుంటుంది. అనుకుని, తనంతట తానే ఒక వేణువు పాట వేసేస్తుంది. ఒకసారి వార్తలు చదివే ఆయన తుమ్ము ఆపుకుందామని కాసేపు ఆగాడు. పాపం, ఆయన తుమ్ముకీ వరద వార్తకీ మధ్య వేణువు మోగింది. అప్పట్నుంచీ ఆ ఆరు సెకన్లంటే అందరికీ హడలు.

ఇంత కోసేవాడికి పారేసే అలవాటు మాత్రం లేదు. టేపుల రోజుల్లో ఒక ముక్క అనవసరమని పారేస్తే, అదే ముక్క కావాలని డైరెక్టర్ గారు అడిగారు. ఆయన చెత్తబుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు వెతికాడు. దొరికింది గానీ టీ మరకలతో దొరికింది. ఆ తర్వాత ఆయన ఏదీ పారెయ్యలేదు. ప్రతి మనిషి అసలు రికార్డింగూ, అందులోంచి తీసేసిన ముక్కలూ కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో పడేసేవాడు. దాని పేరు "తుక్కు".

ఇక కూతురి సంగతి. ఒక్కగానొక్క కూతురు, ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి, ఏడాదిన్నరగా చెప్పులూ బూట్లూ బాగుచేసే షాపులో పని చేస్తోంది. "ఏం చేస్తోందండీ మీ అమ్మాయి?" అని ఎవరైనా అడిగితే కత్తెరాయన "షాపులో" అని ఊరుకునేవాడు. ఏ షాపో చెప్పేవాడు కాదు. అక్కడ కూడా ఒక చిన్న కోత.

ఆ పిల్లకి కావలసింది వేరే ఉంది. కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచెయ్యడం నేర్పే శిక్షణ సంస్థ ఒకటుంది. రెండేళ్ళ కోర్సు, పదహారు సీట్లు, వయసు ఇరవై రెండు దాటితే తీసుకోరు. పోయినేడాది ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి, "సీటు రాలేదు" అని రెండు ముక్కల్లో చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. ఈ ఏడాది మళ్ళీ పిలుపొచ్చింది. శుక్రవారం పదింటికి. ఇది తప్పితే ఇక లేదు.

సోమవారం సాయంత్రం అన్నం తింటుంటే కత్తెరాయన కదిపాడు. "శుక్రవారం నేను సెలవు పెట్టనా? తోడొస్తాను."

"వద్దు నాన్నా. నేను వెళ్ళట్లేదు."

తల్లి గరిటె ఆపింది. "ఏమే, జ్వరమా?"

"జ్వరం కాదు. వాళ్ళు ఎందుకు అని అడుగుతారు. నాకు రాదు."

"ఏది రాదు?"

"జవాబు."

"ఓస్, అంతేనా," అంది తల్లి. "ఆదివారం ఆదివారం నోట్సులో రాసుకుంటావుగా, మీ నాన్న ప్రోగ్రాం విని. అందులోంచి ఒకటి తీసి వాళ్ళ ముఖాన కొట్టు."

ఆ పిల్ల నవ్వింది. సరదా నవ్వు కాదు. "పోయినేడాది అదే కొట్టానమ్మా."

అప్పుడు చెప్పింది, ఏడాది తర్వాత. గదిలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారట. మధ్యలో కళ్ళద్దాలకి తాడు కట్టుకున్న ఒక పెద్దావిడ. ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నావని ఆవిడ అడిగింది. ఈ పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగితే రాదనుకుంటారని భయం. బరువులెత్తే అబ్బాయొకడు రేడియోలో ఇలాంటి ప్రశ్నకే చెప్పిన జవాబు నోట్సులో ఉంది, కంఠతా వచ్చు. దాన్నే తనకి తగ్గట్టు కాస్త తిప్పి, "గమ్యం ఒక్కటే చూస్తాను మేడమ్, దారి దానంతట అదే వస్తుంది" అనేసింది.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి, "కాలు లేనివాడికి దారి దానంతట అదే ఎలా వస్తుందమ్మా?" అని అడిగింది.

"వెటకారంగా కాదు నాన్నా. నిజంగానే అడిగింది. నా దగ్గర ఏం లేదు. సారీ మేడమ్ అని లేచి వచ్చేశాను. వాళ్ళు కూర్చోమన్నారు కూడా, అయినా వచ్చేశాను."

కత్తెరాయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఆ అబ్బాయైతే ఠక్కున ఏదో ఒకటి చెప్పేవాడు," అంది కూతురు. "రెండేళ్ళుగా వింటున్నాను. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఆలోచించరు. అడగ్గానే వచ్చేస్తుంది వాళ్ళకి. నాకేమో, నాకు ఇది కావాలని తెలుసు, ఎందుకో అడిగితే నోరు ఎండిపోతుంది. వాళ్ళు వేరే మనుషులు నాన్నా. మనం వేరే."

తల్లి ఏదో జోకు వెయ్యబోయి, మొగుడి మొహం చూసి మానేసింది.

దర్జీకి తను వేసిన కుట్టు ఎప్పటికీ గుర్తుంటుంది. బరువులెత్తే అబ్బాయి మాట ఆయనకి బాగా గుర్తుంది. అది ఆ ప్రశ్నకి జవాబు కాదు. ఎక్కడో చివర్లో ఉంటే తీసుకొచ్చి అక్కడ అతికాడు. బాగుందని డైరెక్టర్ గారు ఆ వాక్యాన్ని అట్ట మీద రాయించి మెట్ల దగ్గర పెట్టించారు కూడా. రోజూ దాని పక్కనుంచే ఆయన పైకెక్కుతున్నాడు.

ఈ సంగతి అప్పుడే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. లేచి కంచం కడిగాడు. కడిగిందే మళ్ళీ కడిగాడు. "ఊరందరి నోళ్ళూ సవరిస్తారు, ఇంట్లో మాత్రం ఉన్న నోరు తెరవరు," అంది భార్య, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళగానే తుక్కు ఫోల్డర్ తెరిచాడు. బరువులెత్తే అబ్బాయి రికార్డింగు మొదట్నుంచీ విన్నాడు. రెండోసారి కూడా విన్నాడు. తర్వాత యాంకరమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"సాయంత్రం మా అమ్మాయిని కేబిన్‌కి తీసుకురావచ్చా?"

"మీకు అమ్మాయి ఉందా మాస్టారూ?" అంది యాంకరమ్మ. "పదకొండేళ్ళలో ఈ ముక్క కూడా కోసేశారన్నమాట. తీసుకురండి. ఏం వినిపిస్తారు?"

చెప్పాడు. ఆవిడ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. "ఆ అబ్బాయి ఒకటి చెప్పి, ఇది వెయ్యకండి అన్నాడు గుర్తుందా? వెయ్యబోమని మాటిచ్చాం."

"అక్కడిదాకా పోనివ్వను."

"అయితే సరే. నన్ను తిట్టుకుంటుందేమో మీ అమ్మాయి. నేనూ అందులో భాగస్తురాలినేగా."

సాయంత్రం ఐదున్నరకి కూతురు షాపు నుంచి నేరుగా వచ్చింది, గోళ్ళ సందుల్లో నల్ల పాలిష్‌తో. కేబిన్ అంటే గోడలకి స్పాంజి అంటించిన అగ్గిపెట్టె. రెండు కుర్చీలు వేస్తే తలుపు తెరుచుకోదు. కత్తెరాయన హెడ్‌ఫోన్స్ ఆమె తలకి తనే పెట్టాడు, చిన్నప్పుడు టోపీ పెట్టినట్టు. తను స్పీకరు సన్నగా పెట్టుకున్నాడు.

యాంకరమ్మ గొంతు: "ఇన్ని బరువులు ఎందుకు ఎత్తుతున్నావు? అసలు ఎందుకు?"

తర్వాత ఏమీ లేదు.

కుర్చీ కిర్రుమంది. సీసా మూత తిరిగింది. ఎవరో గుటక వేశారు. మళ్ళీ ఏమీ లేదు.

"ఆగిపోయిందా నాన్నా?"

"లేదు. ఆలోచిస్తున్నాడు."

తెర మీద సన్న గీత ఒకటి నింపాదిగా జరుగుతోంది. కూతురు హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకి నొక్కుకుంది. ఊపిరి తీసుకోవడం వినిపించింది. "అంటే..." అన్నాడు ఆ అబ్బాయి. అని ఊరుకున్నాడు. మళ్ళీ కుర్చీ. ఎక్కడో దూరంగా తలుపు మూసుకుంది. అప్పుడు, "ఏమో అండీ. తెలీదు" అన్నాడు.

కత్తెరాయన ఆపేశాడు. "నలభై మూడు సెకన్లు."

"తర్వాత?"

"తర్వాత ఒకటి చెప్పాడు. చెప్పి, ఇది బయటికి వద్దన్నాడు. వాళ్ళింటి సంగతి, చిన్నదే. అది అతనిది."

"మరి గమ్యం, దారి?"

ఆయన గీతని యాభై ఒకటో నిమిషానికి జరిపాడు. మీరు ప్రాక్టీస్ చేసే చోటు ఎలా ఉంటుందని అడుగుతోంది యాంకరమ్మ. ఆ అబ్బాయి అప్పటికి సర్దుకున్నాడు, గొంతులో నవ్వుంది. "గమ్యం ఒక్కటే చూడు, దారి దానంతట అదే వస్తుంది అని గోడ మీద ఇంత పెద్దక్షరాలతో రాయించాడండీ మా కోచ్. రోజూ చూస్తాను. నమ్మనండీ. దారి దానంతట అదేం రాదు. మా అమ్మ నాలుగింటికి దుప్పటి లాగేస్తే వస్తుంది."

కూతురు నవ్వేసింది. నవ్వుతూనే హెడ్‌ఫోన్స్ తీసింది. తీశాక నవ్వు లేదు.

"దుప్పటి ఎందుకు తీసేశావు?"

"టైము ఎక్కువైంది. నమ్మనండీ అంటే ఆదివారం పొద్దున ఏం బాగుంటుందిలే అనుకున్నాను."

"అందరికీ ఇలాగేనా?"

"అందరికీ. ఆ సముద్రం ఈదిన అమ్మాయి ముప్ఫై సెకన్లు. కంపెనీ పెట్టినవాడు మూడుసార్లు మార్చి చెప్పాడు, మూడోది ఉంచాను. ఒకామెకి ఏడుపొచ్చింది."

"నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను నాన్నా."

"నిన్ననే తెలిసింది."

"ఏడాదంతా నాకు బుర్ర లేదనుకున్నాను."

ఆయనకి చాలా చెప్పాలనిపించింది. ఆరు సెకన్ల మెషీను గురించి, ఇరవై ఎనిమిది నిమిషాల గురించి, డైరెక్టర్ గారి గురించి. అన్నీ నిజాలే, అన్నీ సాకులే. ఇన్ని వాక్యాలు కోసినవాడికి తన వాక్యం కొయ్యడం రాదా. చివరికి మిగిలింది ఒకటే. "తప్పు నాది."

ఇంటికి బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు. మాటల్లేవు. బుధవారం కూడా లేవు. భార్య మధ్యలో ఉత్తరాలు మోసే మనిషైపోయింది. "నాన్నకి నీళ్ళు కావాలేమో కనుక్కో అమ్మా", "అమ్మాయికి కూర సరిపోయిందా అడుగు". గురువారం పొద్దున, "నాకు ల్యాబులో జీతమిస్తారు, ఇక్కడేం ఇస్తారు?" అని ఎదురు తిరిగింది.

గురువారం సాయంత్రం కూతురు బట్టలు మార్చుకుని వచ్చి, ఒక కుర్చీ లాగి తండ్రి ముందు వేసుకుని కూర్చుంది.

"అడుగు."

"ఏమడగను?"

"వాళ్ళు అడిగేది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నావమ్మా?"

ఆ పిల్ల నోరు తెరిచి, మూసుకుంది. కిటికీ వైపు చూసింది. ఆయన చూపుడువేలు అలవాటుగా మోకాలి మీద టక్కున నొక్కుకుంది, మౌసు నొక్కినట్టు. రెండో చేత్తో ఆ వేలు పట్టుకుని కూర్చున్నాడు. పది అయింది. పదిహేను అయింది. భార్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దర్నీ చూసింది.

"మళ్ళీ పోట్లాడుకున్నారా?"

"ఉండమ్మా. ఆలోచిస్తున్నాను."

"అబ్బో," అంది ఆవిడ, కానీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఇంకాసేపటికి కూతురు మొదలుపెట్టింది, కిటికీకే చెప్తున్నట్టు. "షాపుకి ఒకాయన వస్తాడు. కుడికాలు మోకాలి కింద లేదు, పెట్టుడు కాలు. అది అరంగుళం పొట్టి. చేసినవాళ్ళు ఎక్కడో దూరం, మళ్ళీ వెళ్ళలేడు. బూటు అడుగు ఎత్తు చెయ్యగలవా అన్నాడు. మా ఓనరు రేపు రమ్మన్నాడు, నేను ఇప్పుడే చేస్తానన్నాను. తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి అరగదీశాను. నాలుగుసార్లు తొడిగించి విప్పించాను. విసుక్కున్నాడు కూడా. ఐదోసారి తొడుక్కుని వీధి చివరిదాకా నడిచాడు. వెనక్కి వచ్చాడు. షాపు దాటి అటువైపు వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. బాగుందా అంటే వినిపించుకోలేదు. అలా ఊరికే నడుస్తున్నాడు నాన్నా, ఎక్కడికీ కాదు."

ఆగింది.

"అది చూడ్డం నాకు బాగుంది. ఇంకోసారి చూడాలనుంది. అంతే. దీన్ని జవాబంటారో లేదో తెలీదు."

ఏ షాపో ఎవరికీ చెప్పని కత్తెరాయన కాసేపు తన వేళ్ళే చూసుకున్నాడు. "నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"నువ్వెప్పుడు అడిగావు? షాపులో పనెలా ఉంది అంటావు, బాగుందంటాను. అంతటితో నీకు సరిపోతుంది."

గుమ్మంలోంచి తల్లి, "దీన్ని మాత్రం కొయ్యకండి," అంది.

శుక్రవారం ఆయన తోడెళ్ళాడు. ఆ సంస్థ వరండాలో పొడుగాటి బల్ల, గోడ వారగా వరసగా నిలబెట్టిన ప్లాస్టర్ కాళ్ళు. తమ కంటే ముందొచ్చిన కుర్రాడొకడు పెదవులు కదుపుతూ ఏదో కంఠస్థం చేస్తున్నాడు. కత్తెరాయనకి వాడి భుజం తట్టి ఏదైనా చెప్పాలనిపించింది.

కూతురిని పిలిచారు. తలుపు సరిగ్గా మూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న చెవులకి ఆ సందు చాలు. కాగితాలు తిప్పిన చప్పుడు. ఊరూ పేరూ చదువూ అయ్యాయి. తర్వాత ఒక పెద్దావిడ గొంతు: "పోయినసారి నువ్వు మధ్యలో లేచి వెళ్ళిపోయావు కదూ. మళ్ళీ అదే అడుగుతున్నాను. ఎందుకు?"

తర్వాత ఏమీ లేదు.

లెక్కపెట్టకూడదనుకున్నాడు. లెక్క దానంతట అదే నడిచింది. ఆరు దాటింది. పదిహేను. లోపల కుర్చీ కిర్రుమంటే లేచి వచ్చేస్తోందనుకుని ఆయన కూడా సగం లేచాడు. రాలేదు. ఇరవై. ఈ ఖాళీలో ఏముంటుందో పదకొండేళ్ళుగా ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. గాలి అనుకున్నాడు. ఇరవై ఆరు దగ్గర, "షాపుకి ఒకాయన వస్తాడండీ," అన్న కూతురి గొంతు వినిపించింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. మిగతాది వినకుండా లేచి వరండా చివరిదాకా నడిచాడు.

బయటికి రాగానే ఆ పిల్ల అడిగింది. "ఎంతసేపు ఆగాను?"

"ఇరవై ఆరు."

"తక్కువే అయితే."

"ఏమన్నారు?"

"ఐదోసారి ఏం మార్చావు, ఎంత అరగదీశావు అని అడుగుతూనే ఉన్నారు. ఆవిడ కాగితం మీద బూటు బొమ్మ గీయించింది నాతో."

పదహారు మంది జాబితాలో ఆమెది పదకొండో పేరు. ఇప్పుడు ఆ సంస్థ హాస్టల్లో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు చేతులకి ప్లాస్టర్ ఉందని స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంది. "ఏం చేస్తోందండీ మీ అమ్మాయి?" అని ఎవరైనా అడిగితే కత్తెరాయన చెప్పుల షాపు దగ్గర్నుంచి మొదలుపెడతాడు. అడిగినవాళ్ళు చేతి గడియారం చూసుకుంటారు.

స్టేషన్లో మెట్ల దగ్గర అట్ట ఇంకా అలాగే ఉంది, అది తీయించడం ఆయన వల్ల కాలేదు. కార్యక్రమం ఇప్పటికీ ఇరవై ఎనిమిది నిమిషాలే. కాపలా మెషీను ఆరు సెకన్లకి ఒక్క క్షణం కూడా ఎక్కువ ఇవ్వదు. అందుకని "ఎందుకు" అన్న ప్రశ్న తర్వాత కత్తెరాయన ఐదున్నర సెకన్లు ఉంచుతున్నాడు. ఒక ఆదివారం లెక్క తప్పి వేణువు మోగింది. డైరెక్టర్ గారు చీవాట్లు పెట్టారు. యాంకరమ్మ మాత్రం ఏమీ అనకుండా ఆయన బల్ల మీద టీ పెట్టి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే కూతురి ఫోను వచ్చింది.

"నాన్నా, ఇవాళ వేణువు భలే ఉంది."

"వెక్కిరించకు."

"వెక్కిరింపు కాదు. పొద్దున ఇక్కడ అందరం వింటున్నాం. అది మోగగానే నా పక్కనున్నమ్మాయి, అయ్యో, పాపం అతను ఇంకా ఆలోచిస్తున్నాడేమోనే, అంది."